తాతయ్య, నానమ్మ కుటుంబం కారా?

కేంద్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

బడి అయ్యాక పిల్లలు కుటుంబ వ్యాపారంలో సాయపడవచ్చని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెబుతోంది. ఆ కుటుంబంలో అమ్మానాన్నలను, తోబుట్టువులను, చివరికి మేనమామనూ మేనత్తనూ చేర్చింది. తాతయ్య, నానమ్మ, అమ్మమ్మ మాత్రం లేరు!

పాలమూరు నుంచి వలస పోయేవాళ్లు పిల్లల్ని వదిలేది వాళ్ల దగ్గరే. సాయంత్రంపూట తాతయ్య కిరాణా కొట్టులో శనగపప్పు పొట్లం కట్టి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చే పదేళ్ల పిల్ల బాలకార్మికురాలా? తనిఖీ అంటే ఆ పెద్దాయన వణకాల్సిందేనా?

నిర్వచనంలో వాళ్లనూ చేర్చండి. రోజుకు 3 గంటలు మించకూడదని, రాత్రి 7 దాటాక పని వద్దని 2017లో పెట్టిన నిబంధనలను మాత్రం సడలించకండి. సాయం పేరుతో బడి మాన్పించే పెద్దలూ ఉన్నారు. ఆ నిబంధనలు ప్రతి బడి గోడమీదా తెలుగులో రాయించండి.

ఇట్లు,
ఒక బడి పంతులు