సైన్యం ఏ హక్కుతో అడుగుపెట్టింది?

సెప్టెంబరు 17 సమీపించిందంటే చాలు, పొరుగున ఉన్న తెలంగాణలో ఒక్క రోజుకు నాలుగు పేర్లు వినిపిస్తాయి. ఒకరు విమోచన దినమంటారు, ఒకరు విలీన దినమంటారు, మరొకరు సమైక్యతా దినమంటారు, విద్రోహ దినమనేవారూ ఉన్నారు. ఈ పేర్ల పోరులో అడగవలసిన ప్రశ్నలు రెండూ మరుగున పడిపోతున్నాయి. 1948 సెప్టెంబరు 13న హైదరాబాదు సంస్థానపు ఎల్లలు దాటిన సైన్యం ఏ న్యాయం ప్రకారం దాటింది? దాటిన తరువాత అక్కడి ప్రజల ప్రాణమానాలకు బాధ్యత ఎవరిది? ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. వీటిని కలగలపడం వల్లనే ఇన్నేళ్ళుగా ముస్లిం సమాజం చెప్పదలచింది చెప్పలేకపోతున్నదని మా అభిప్రాయం.

ఇది ఎక్కడో దూరాన జరిగిన కథ కాదు. నాటి కృష్ణా జిల్లాకు, నేటి ఎన్టీఆర్ జిల్లాకు పశ్చిమాన ఉన్నది నిజాం రాజ్యమే. కంచికచర్ల దగ్గరి పరిటాల చుట్టూ బ్రిటిషు ఇలాకా ఉన్నా, ఆ ఊరు మాత్రం నిజాం ఏలుబడిలోనే ఉండేది. రజాకార్ల దౌర్జన్యానికి తాళలేక ఊళ్ళు విడిచి వచ్చిన తెలంగాణ కుటుంబాలు తలదాచుకున్నది ఈ సరిహద్దు గ్రామాలలోనే. తూర్పు దిక్కు నుండి సూర్యాపేట వైపు సాగిన భారత దళాలు కదిలింది కూడా విజయవాడ నుండే. కనుక ఈ విషయం మాట్లాడే బాధ్యత కృష్ణా తీరపు ముస్లింలమైన మనకూ ఉన్నది.

పరాయి సైన్యం ఒక భూభాగంలో ఉండడం ఎప్పుడు చట్టబద్ధం? నేటి అంతర్జాతీయ న్యాయం చెప్పేది క్లిష్టమేమీ కాదు. మొదటిది, ఆ దేశపు చట్టబద్ధమైన ప్రభుత్వం స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి. రెండవది, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఇచ్చిన అధికారం. మూడవది, సాయుధ దాడి జరిగినప్పుడు సమితి నియమావళి 51వ అధికరణం గుర్తించిన ఆత్మరక్షణ హక్కు. ఈ మూడింటిలో ఏదీ లేకుండా మరొక రాజ్యంపై బలప్రయోగం చేయడాన్ని అదే నియమావళి 2వ అధికరణం 4వ క్లాజు నిషేధిస్తున్నది.

వీటిలో ఎక్కువ వివాదాలకు మూలం మొదటిది, సమ్మతి. ఉద్యోగ జీవితమంతా దస్త్రాల మధ్య గడిపిన మాకు ఏ కాగితం చేతికి వచ్చినా మూడు సంగతులు చూడడం అలవాటు. సంతకం ఎవరిది? ఆ సంతకం చేసే అధికారం వారికి ఉన్నదా? చేసినప్పుడు వారి చేయి స్వేచ్ఛగా ఉన్నదా? దేశాల మధ్య ఒడంబడికలను పరీక్షించడానికీ ఈ మూడు ప్రశ్నలే చాలు.

మన కొండపల్లి కోటనే చూడండి. ముస్తఫానగర్ అని పిలిచిన ఈ సర్కారు నిజాం ఏలుబడిలో ఉండగా, 1765లో ఈస్టిండియా కంపెనీ ఢిల్లీ పాదుషా షా ఆలం నుండి ఉత్తర సర్కారులకు ఫర్మానా పొందింది. భూమి ఒకరి చేతిలో ఉన్నది, కాగితం మరొకరు ఇచ్చారు. 1766లో కంపెనీ దండు వచ్చి కొండపల్లిని పట్టుకున్నది. అదే ఏడాది నవంబరులో నిజాం అలీఖాన్ ఒడంబడికపై సంతకం చేశాడు. ముందు సైన్యం వచ్చింది, తరువాత సమ్మతి వచ్చింది. ఆపైన 1798 నాటి సైన్య సహకార సంధితో కంపెనీ పటాలం హైదరాబాదులో శాశ్వతంగా తిష్ఠ వేసింది. దాని ఖర్చుకింద 1800లో నిజాం వదులుకున్న జిల్లాలే దత్తమండలాలు, అంటే నేటి రాయలసీమ ప్రాంతం. 'రక్షణ' పేరిట వచ్చిన సైన్యానికి భూమినే జీతంగా చెల్లించవలసి వచ్చింది. నిజాం సంతకం ఉన్నది నిజమే. అది స్వేచ్ఛగా చేసినదో కాదో పాఠకులే ఆలోచించాలి.

ఇక 1947కు వద్దాం. బ్రిటిషు పార్లమెంటు చేసిన భారత స్వాతంత్ర్య చట్టం 7వ సెక్షను ప్రకారం సంస్థానాలపై బ్రిటిషు సార్వభౌమాధికారం రద్దయింది. దానితో హైదరాబాదు స్వతంత్ర రాజ్యమైందని నిజాం ప్రభుత్వం వాదించింది. సంస్థానాలకు ఏనాడూ అంతర్జాతీయ ప్రతిపత్తి లేదని, అన్ని వైపులా భారత భూభాగమే చుట్టుకొని ఉన్న హైదరాబాదు విషయం భారతదేశపు అంతర్గత వ్యవహారమని ఢిల్లీ వాదించింది. ఈ వాదాల నడుమ 1947 నవంబరు 29న ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ పత్రంలో మన విషయానికి ప్రాణంలాంటి నిబంధన ఒకటి ఉన్నది. యుద్ధ సమయంలో, నిజాం సమ్మతితో తప్ప హైదరాబాదు భూభాగంలో సేనలు నిలిపే హక్కు ఈ ఒప్పందం వల్ల భారతదేశానికి రాదని, ఆంతరంగిక శాంతిభద్రతల కోసం సేనలు పంపే హక్కు గానీ బాధ్యత గానీ ఏర్పడదని అందులో రాసుకున్నారు. ఒప్పందంపై తగాదా వస్తే మధ్యవర్తుల తీర్పుకు నివేదించాలనీ రాసుకున్నారు. 1948 తొలి నెలల్లో సికింద్రాబాదులోని భారత దళాలు వెనుదిరిగాయి.

ఒప్పందాన్ని మీరు ఉల్లంఘించారంటే మీరే ఉల్లంఘించారని ఇరుపక్షాలూ నిందించుకున్నాయి. పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల రుణపత్రాలు ఇవ్వడాన్ని, రజాకార్లకు పగ్గాలు వదలడాన్ని ఢిల్లీ తప్పుపట్టింది. సరకుల రాకపోకలను దిగ్బంధించారని హైదరాబాదు ఆరోపించింది. మధ్యవర్తుల తీర్పు మాత్రం జరగనే లేదు. రజాకార్లను నిషేధించాలని, భారత సేనలను తిరిగి సికింద్రాబాదులో నిలపనివ్వాలని ఢిల్లీ కోరగా నిజాం నిరాకరించాడు. సెప్టెంబరు 13న సైన్యం కదిలింది. 18న హైదరాబాదు సేనాని ఎల్ ఎడ్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఎదుట లొంగిపోయాడు.

అంతకు ముందే, ఆగస్టు 21న, హైదరాబాదు ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబరు 16న పారిస్‌లో సమావేశమైన మండలి, 8 ఓట్లతో, 3 దేశాలు తటస్థంగా ఉండగా, ఆ అంశాన్ని చర్చకు స్వీకరించింది. హైదరాబాదు పక్షాన మొయిన్ నవాజ్ జంగ్, భారతదేశం పక్షాన రామస్వామి మొదలియార్ వాదించారు. సెప్టెంబరు 22న, రాజధాని భారత సైన్యం అధీనంలో ఉండగా, నిజాం తన ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నట్లు తంతి పంపాడు. ఆ తంతి స్వేచ్ఛగా ఇచ్చినదేనా అన్న సందేహం మండలిలోనే వచ్చింది. 1949 మే నెలలో మరికొంత చర్చ జరిగింది. అయినా ఆ సైనికచర్య చట్టబద్ధమని గానీ కాదని గానీ మండలి ఏనాడూ తేల్చలేదు.

మా అభిప్రాయం దాచుకోము. కాగితాన్ని కాగితంగా చూస్తే, యథాతథ ఒప్పందం అమలులో ఉండగా, మధ్యవర్తుల మార్గం మూయకుండానే సేనలు నడపడానికి ఆ ఒప్పందంలో ఆధారం లేదు. ఒప్పందానికి కట్టుబడడం మనకు విశ్వాసంలో భాగం. హుదైబియా సంధి తరువాత, సంకెళ్ళతో పారిపోయి వచ్చిన అబూ జందల్‌ను, సహచరుల గుండెలు బరువెక్కుతున్నా, మాట ప్రకారం తిప్పి పంపిన దైవప్రవక్త (సఅసం) ఆదర్శం మన ముందున్నది. ఆ కొలతతో చూస్తే ఢిల్లీ తూగదు. పాలకుడిగా ప్రజలకు బాధ్యత వహించకుండా రజాకార్లను ఊరిమీదకు వదిలిన నిజాం కూడా అదే కొలతతో తూగడు.

ఇంతకన్నా ముఖ్యమైన మాట ఒకటి ఉన్నది. సార్వభౌమాధికారం రాజుదా, ప్రజలదా? 2024 జూలై 19న అంతర్జాతీయ న్యాయస్థానం, ఆక్రమిత పాలస్తీనా భూభాగంలో ఇజ్రాయెల్ ఉనికి కొనసాగడం చట్టవిరుద్ధమని, దానిని వీలైనంత త్వరగా ముగించాలని సలహాభిప్రాయం ఇచ్చినప్పుడు మనమందరం హర్షించాము. ఆ అభిప్రాయానికి ఉన్న ముఖ్యమైన పునాదులలో ఒకటి పాలస్తీనా ప్రజల స్వయంనిర్ణయ హక్కు. అక్కడ ప్రజల హక్కు గొప్పదైతే, ఇక్కడ ఒక్క ప్రభువు సంతకమే గొప్పదని మనం ఎట్లా అనగలం? హైదరాబాదు సంస్థాన ప్రజలలో అత్యధికులు భారతదేశంలో చేరాలనే కోరుకున్నారు. వారిలో ముస్లింలు లేరా? విలీనాన్ని సమర్థించినందుకే 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లు పొట్టన పెట్టుకున్నారు. నిజాం పాలనను ఎదిరించిన కవి మఖ్దూం మొహియుద్దీన్ మనవాడే. 1952 ఎన్నికలలో ఆ ప్రాంత ప్రజలు స్వయంగా ఓటు వేసి తమ శాసనసభను ఎన్నుకున్నారు. సైన్యం రాక ఎట్లా జరిగినా, నేటి విలీనానికి బలం ఆ ఓటు నుండి వచ్చింది. దానిని తిరగదోడాలని మేము అడగడం లేదు. ఆసఫ్‌జాహీల సింహాసనం కోసం కన్నీరు కార్చడం ముస్లిం సమాజపు బాధ్యత కానే కాదు.

మన బాధ్యత రెండవ ప్రశ్నకు సంబంధించినది. సైన్యం ప్రవేశించిన తరువాత ఏమైంది? ప్రధాని నెహ్రూ కోరిక మేరకు పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో సంస్థానమంతటా పర్యటించి నివేదిక ఇచ్చారు. తక్కువలో తక్కువగా లెక్క వేసినా 27 వేల నుండి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని వారి అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలలో నష్టం మరీ ఎక్కువ. కొన్ని చోట్ల సైనికులు, పోలీసులు కూడా దోపిడీలో, హత్యలలో పాల్గొన్నారని ఆ నివేదికలో ఉన్నది. తమ ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువారిని కాపాడిన హిందువుల గురించీ ఉన్నది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు వెలుగు చూడనివ్వలేదు.

ఇక్కడే 'పోలీసు చర్య' అన్న పేరులోని మర్మం తెలుసుకోవాలి. టాంకులతో, విమానాలతో సాగిన దండయాత్రకు పోలీసు చర్య అని పేరు పెట్టడం వల్ల అది ఇంటి వ్యవహారమైపోయింది. అంతర్జాతీయ నియమాల ఊసు లేకుండా పోయింది. సరే, ఆ పేరునే అంగీకరిద్దాం. అది ఇంటి వ్యవహారమే అయితే, చనిపోయినవారు భారత ప్రజలే. వారిని చంపినవారిపై భారత శిక్షాస్మృతి ప్రకారం హత్యానేరం విచారించాలి. కాదు, అది పరాయి భూభాగమే అంటారా? అప్పుడు 1907 నాటి హేగ్ నిబంధనలు వర్తిస్తాయి. వాటి 43వ అధికరణం ప్రకారం శాంతిభద్రతలు నెలకొల్పడం సైన్యం బాధ్యత. 46వ అధికరణం ప్రకారం ప్రజల ప్రాణాలు, కుటుంబ గౌరవం, ఆస్తి, మతాచారాలు రక్షించాలి. 47వ అధికరణం దోపిడీని నిషేధించింది. ఏ దారిన వెళ్ళినా చేరేది ఒకే చోటికి. సైన్యం రాక చట్టబద్ధమా కాదా అన్నది పండితులు తేల్చుకోనీయండి. లొంగిపోయిన తరువాత నిరాయుధులను చంపడం మాత్రం ఏ చట్టంలోనూ ఒప్పు కాదు.

రజాకార్ల బాధితులకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. భైరాన్‌పల్లిలో నేలకొరిగిన గ్రామస్థుల రక్తం, బీదర్‌లో నేలకొరిగిన ముస్లింల రక్తం ఒకటే. ఒకదానిని మాత్రమే లెక్కించేవాడు న్యాయం అడగడం లేదు, లెక్క తీర్చుకోవాలనుకుంటున్నాడు. అటువంటి వాడు మన వైపు ఉన్నా వారించవలసింది మనమే.

పాత గాయాలు ఎందుకు రేపాలని అడిగే మిత్రులున్నారు. ప్రతి ఏటా సెప్టెంబరులో ఆ గాయాన్ని రేపుతున్నది మనం కాదు. సభలు పెట్టి, నేటి ముస్లిం యువకుణ్ణి నాటి రజాకారుగా చూపించే ప్రసంగాలే రేపుతున్నాయి. నిజాలు బహిరంగంగా, సమగ్రంగా ఉన్నచోట అటువంటి ప్రసంగాలకు బలం ఉండదు.

కనుక మేము కోరేవి మూడు. సుందర్‌లాల్ నివేదికను కేంద్ర ప్రభుత్వం అధికారికంగా పూర్తిగా ప్రచురించి, తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ భాషలలో అందుబాటులోకి తేవాలి. రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలలో రజాకార్ల దౌర్జన్యాలతో పాటు, లొంగుబాటు తరువాతి హత్యాకాండనూ చేర్చాలి. ఏ పేరుతో జరుపుకున్నా, సెప్టెంబరు 17న ఇరువైపులా మరణించిన అమాయకులందరినీ స్మరించాలి.

మనవంతు పని కూడా ఒకటి ఉన్నది. ఆనాడు పదేళ్ళ పిల్లలుగా ఉన్నవారు నేడు ఎనభై అయిదు దాటారు. అటువంటి పెద్దలు మీ ఇంట, మీ బంధువులలో, సరిహద్దుకు ఇరువైపులా ఎవరైనా ఉంటే, వారి ముందు కూర్చుని, ఊరి పేరు, మనుషుల పేర్లు, నెల, తేదీ అడిగి రాసి పెట్టండి. కాపాడిన పొరుగువారి పేర్లు ముందు రాయండి. విన్నదానికి ఏమీ కలపకండి, ఏమీ తగ్గించకండి. మసీదు కమిటీలు ఈ పనికి ఒక యువకుణ్ణి నియోగించినా చాలు. రేపు ఏ కమిషను ముందైనా, ఏ న్యాయస్థానం ముందైనా నిలబడేవి ఆ కాగితాలే.