కంట్ల దొరికిన క్రిమి కడుపుల దాక్కున్నది

2024 అక్టోబర్‌ల మన దేశానికి డబ్ల్యూహెచ్‌ఓ ఒక సర్టిఫికెట్ ఇచ్చింది. ట్రకోమా అనే కంటిజబ్బు ఇగ ఇక్కడ ప్రజారోగ్య సమస్య కాదని. 1963ల మొదలువెట్టిన పని అరవై ఏండ్లకు ఒడ్డుకు చేరింది. మంచి ముచ్చటే. కని ఆ జబ్బు తెచ్చే క్రిమి పేరు ఎంతమందికి ఎరుక? క్లమీడియా ట్రకోమాటిస్. దీంట్లనే ఇంకో రకం కలయికతోని అంటుతది, ఆడోళ్ల గర్భసంచి మూతిని పడుతది. దాని గురించి మాత్రం సప్పుడు లేదు.

కన్ను ఎర్రవడితె ఊరంత చూస్తది. ఇది కనవడదు. సోకిన ఆడోళ్లల్ల ఎక్కువమందికి నొప్పి, మంట ఏమీ ఉండయి. కొందరికే తెల్లబట్ట ఎక్కువైతది, కలిసినంక నెత్తురు కనవడుతది, పొత్తికడుపు గుంజుతది. ఇడిశిపెడితె క్రిమి మీదికి పాకి గర్భనాళాలు దెబ్బతింటయి. పిల్లలు కాకపోవచ్చు, లేకుంటె పిండం నాళంలనే పెరిగి పానం మీదికి రావచ్చు.

సర్కారు దవాఖానల సురక్ష క్లినిక్‌లు ఎక్కువగ లక్షణం చూసి రంగురంగుల గోలీల కిట్ ఇస్తయి. లక్షణమే లేని ఆడమనిషిని ఆ పద్ధతి ఎట్ల పట్టుకుంటది? గర్భిణికి హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేస్తరు, దీనికి చెయ్యరు. కలయికల ఉన్న ఇరవై ఐదేండ్ల లోపు ఆడోళ్లకు ఏడాదికోసారి చెయ్యాలని అమెరికాల సిఫారసే ఉన్నది.

అమీర్‌పేట హాస్టళ్లల్ల కోచింగ్‌కొచ్చిన మన ఊర్ల పిల్లలు మస్తుమంది. పంజాగుట్ట దాటి బంజారాహిల్స్ ఎక్కితె సంతాన కేంద్రాల బోర్డులు. పెండ్లయి ఏండ్లు గడిచి ఆడికి పోయినంకనే నాళాల సంగతి బయటవడుతది. అన్నిటికీ క్లమీడియానే కారణమని నేను అంటలేను, మన దగ్గర టీబీ గూడ నాళాలను మూస్తది. కని ముందుగాల చిన్న పరీక్ష చెయ్యనోళ్లు ఆఖరికి లక్షల బిల్లు మీద పడేస్తుంటె నాకు కోపమొస్తది. కరోనాకు ఆర్టీపీసీఆర్ చేసిన ల్యాబులు ఉన్నయి కద. దీని పరీక్ష గూడ గసొంటిదే. సామాన్లు కొనాలె, సిబ్బందికి నేర్పాలె.

డాక్టర్‌ను అడిగేటప్పుడు ‘నాట్’ పరీక్ష అని అడుగున్రి. మూత్రంతోని చేస్తరు, లేకుంటె ఆమెనే దూదిపుల్లతోని లోపలి నమూనా తీసియ్యచ్చు. నెత్తురు పరీక్ష అంటగడితె ఒప్పుకోవద్దు, అది పాతదో కొత్తదో తేల్చది. తేలితె మామూలుగ డాక్సీసైక్లిన్ ఏడు రోజులు, గర్భిణికి వేరే మందు, డాక్టర్ రాసినంకనే. ఆమె ఒక్కతె మింగి ఆయన తప్పించుకుంటె మళ్ల అంటుతది. ఇంట్ల ముందుగాల ‘ఎక్కడ తెచ్చినవ్’ అని ఆమెనే అడుగుతరు. నెలలకొద్ది సప్పుడు చెయ్యని క్రిమి ఇది, ఎవరినుంచి ఎవరికొచ్చిందో ఏ పరీక్షా చెప్పది. ఇద్దరూ మందు వాడాలె, అయిపోయేదాంక కలువద్దు, మూడు నెలలకు మళ్ల పరీక్ష చేయించుకోవాలె.