కారమునకు ఊరు కలదా?

గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతు మిరపకాయను కల్లములో ఎండబెట్టి, తాలుకాయలు ఏరించి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు చేర్చును. ఆ కాయలన్నియు కారపుపొడి కావు. కొన్ని ద్రావకములో నాని, ద్రావకము ఆవిరికాగా చిక్కని ఎఱ్ఱని తైలసారముగా మిగులును. దీనినే ఓలియోరెసిన్ అందురు. పొట్లముల చిరుతిండికి రంగును, కారమును ఇచ్చుటకు దీనిని వాడుదురు. ఇంతవరకు రైతునకు వాటా కలదు.

పొలముతో పనిలేని మార్గము వేరొకటి కలదు. మిరపలోని మంటకు మూలము కాప్సైసిన్. గింజలే మండునని పలువురి నమ్మిక. నిజమునకు అది గింజలంటియుండు తెల్లని పొరలో పుట్టును. దానిని 1930లోనే రసాయనశాలలో నిర్మించిరి. దానికి తోబుట్టువైన నోనివమైడు మిరపలో రవంతయే యుండును; నేడు దానిని కృత్రిమముగా చేసి రుచిద్రవ్యముగా వాడుచున్నారు. దీనికి వెనిల్లిన్ ముడిసరుకు కాగలదు. ఆ వెనిల్లిన్ అధికభాగము పెట్రోలియం సంబంధమైన గ్వాయకోల్ నుండి వచ్చుచున్నది. ఐస్‌క్రీము పరిమళమును, మిరప మంటయు దగ్గరి చుట్టములని ఏ విద్యార్థి ఊహించును!

కృత్రిమమైనదెల్ల విషమనుట అవివేకము. అణువు ఒకటే యైనపుడు నాలుకకు భేదము తెలియదు. కాని మిరపకాయ యనగా మంట మాత్రమే కాదు. రంగు, వాసన, రుచి కలిసిన కాయ. పొట్లముపై మిరపకాయ బొమ్మ అరచేయంత. రుచిద్రవ్యము చేర్చితిమను మాట చీమతలకాయంత. ధర పడిపోయిన యేట యార్డు వాకిట నిలిచిన రైతునకు ఆ బొమ్మవలన దక్కునదేమి? బొమ్మ వేసినవాడు లోపల కాయ యెంత వేసెనో, కారము కాయదో కార్ఖానాదో, బొమ్మ ప్రక్కనే పెద్ద అక్షరములలో వ్రాయవలెను.