అభిప్రాయ విక్రయము

సంగీతమును గూర్చి, భోజనమును గూర్చి, వ్యాపారము నేర్పు గ్రంథములను గూర్చి తనకు తోచినది పదిమందికి చెప్పుట ప్రతి పౌరుని హక్కు. రాజ్యాంగము 19వ అధికరణమున ఈ స్వాతంత్ర్యము మనకు కలదు. పెసరట్టు రుచిగా లేదనువానిని మేము నిందింపము. కచేరి రక్తి కట్టలేదనువానిని వారింపము.

కాని సొమ్ము పుచ్చుకొని, ఆ సంగతి దాచి, స్వాభిప్రాయమని చాటుట అభిప్రాయము కాదు, విక్రయము. వకీలు రుసుము గైకొని వాదించుట ఎల్లరెరిగినదే. సాక్షి సొమ్ము గైకొని పలికినచో అది నేరము. మెచ్చుకోలు వ్రాయువాడు వకీలా, సాక్షియా? ముందుగా తేల్చి చెప్పవలెను.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి, తప్పుదారి పట్టించు ప్రకటనను సమర్థించినవారికి 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. వర్తకునితో గల సంబంధమును వెల్లడింపవలెనని 2022 జూనునాటి మార్గదర్శకములు శాసించినవి. అయినను చట్టము ప్రతి నాలుకకును కావలి కాయగలదా?

పాఠకులారా! ప్రశంస చదివినపుడెల్ల దీనికి వెల ఎవరిచ్చిరని అడుగుడు. వ్రాయువారలారా! ఊరక పెట్టిన విందు తినినను ఆ మాట చెప్పి వ్రాయుడు. తిన్న ఉప్పు నాలుకను కట్టివేయును. అద్దెకిచ్చిన నాలుకకు స్వాతంత్ర్యమెక్కడిది?