కొండ స్పష్టం... అవ్వ మసక!

పాత ఆల్బమ్ తిరగేస్తుంటే ఒక్కోసారి ఇలాంటి ఫొటో తగులుతుంది. వెనకాల ఉదయగిరి కొండ. బండరాళ్లు, వాటి సందుల్లో పొదలు, పైన కోటగోడ... అన్నీ గీసిపెట్టినట్టు ఉంటాయి. ముందు నిలబడ్డ అవ్వాతాతల ముఖాలు మాత్రం మంచులో తడిసినట్టు మసగ్గా ఉంటాయి.

'తీసినవాడి చెయ్యి వణికింది' అంటారొకరు. 'రీలు పాతదై ఉంటుంది' అంటారింకొకరు. 'అంత డబ్బు పోసి ఆటోఫోకస్ కెమెరా కొంటే ఇదా నిర్వాకం' అని మరొకరి నిష్ఠూరం. నిజానికి తీసినవాడి తప్పేం లేదు. రీలు తప్పూ కాదు. కెమెరా కూడా తన పని తాను చేసింది. దూరం కొలవడమే దాని పని. కొలిచింది. కాకపోతే అది కొలిచింది అవ్వ దూరం కాదు, కొండ దూరం!

సూదీ దారం సూత్రం

ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి. ఓ పట్టాన ఎక్కదు. రెండు కళ్లూ తెరిస్తే సులువవుతుంది. ఒకే వస్తువును మన రెండు కళ్లూ కాస్త వేర్వేరు కోణాల్లోంచి చూస్తాయి. వస్తువు దగ్గరగా ఉంటే ఆ తేడా ఎక్కువ, దూరంగా ఉంటే తక్కువ. దాన్ని బట్టే మెదడు దూరం లెక్కగడుతుంది.

రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఉన్నదీ ఇదే లెక్క. దాని నుదుటి మీద రెండు చిన్న కిటికీలుంటాయి. వాటిలోంచి వచ్చే రెండు బొమ్మలూ మనం కన్ను పెట్టి చూసేచోట ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. లెన్సు చుట్టూ ఉండే రింగు తిప్పుతూ వాటిని కలపాలి. రెండూ ఒకటైపోయాయా, ఫోకస్ కుదిరినట్టే. అయితే దీనికి ఓపిక కావాలి, అలవాటూ కావాలి. చంటిపిల్ల బోసినవ్వు అంతసేపు ఆగదు కదా!

ఆ రింగు తిప్పే బాధ తప్పించిందే ఆటోఫోకస్. జపాన్ కంపెనీ కొనికా 1977లో 'సీ35 ఏఎఫ్' అనే కెమెరాను బజారులోకి తెచ్చింది. తనంతట తాను ఫోకస్ చేసుకునే కెమెరాల్లో పెద్దఎత్తున తయారైన మొదటిది ఇదే. అమెరికా సంస్థ హనీవెల్ రూపొందించిన 'విజిట్రానిక్' అనే చిన్న పరికరం దీనికి గుండెకాయ. రెండు కిటికీలు అలాగే ఉంటాయి. మనిషి చేత్తో రింగు తిప్పే బదులు లోపల బుల్లి అద్దం ఒకటి కదులుతుంది. రెండు బొమ్మలూ సరిపోలిన క్షణాన్ని సెన్సర్లు పసిగడతాయి. లెన్సు అందుకు తగ్గ దూరం దగ్గర ఆగిపోతుంది.

తర్వాత మిగతా కంపెనీలు వేరే దారులు వెతికాయి. పోలరాయిడ్ 1978లో గబ్బిలం పద్ధతి పట్టుకుంది. చెవికి వినిపించని ధ్వనిని పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలవడం. కెనాన్ 1979లో 'ఏఎఫ్35ఎం'తో పరారుణ కాంతి బాట పట్టింది. కంటికి కనిపించని కిరణం ఎదుటివారి మీద పడి ఏ కోణంలో వెనక్కి వస్తుందో చూసి దూరం తేల్చడం. దీనికి చీకటైనా ఇబ్బంది లేదు.

అప్పట్లో ఇలాంటి కెమెరా కావాలంటే మద్రాసు బర్మాబజారుకు వెళ్లాలి. లేదంటే గల్ఫ్ నుంచి వచ్చే చుట్టాల పెట్టె కోసం ఎదురుచూడాలి. అందుకే అది ఒకరింట్లో ఉన్నా, పెళ్లికీ పేరంటానికీ ఊరందరిదీ అయ్యేది.

మధ్యలో ఉన్నదే లెక్క

ఇప్పటి ఫోన్ తెరలో ముఖాన్ని వెతుక్కుని, దాని చుట్టూ చిన్న గడి గీసి మరీ ఫోకస్ చేస్తుంది. పాత ఆటోఫోకస్ కెమెరాకు ఆ తెలివి లేదు. మనిషెవరో, మానెవరో దానికి తెలియదు. చూసే కిటికీలో నట్టనడుమ చిన్న గుర్తు ఉంటుంది. ఆ గుర్తు దేని మీద పడితే దాని దూరాన్నే కొలుస్తుంది. మిగతా ఫొటో అంతా దానికి లెక్కలేదు.

ఇద్దరు పక్కపక్కన నిలబడితే నడుమ జానెడు సందు ఉంటుంది. గుర్తు సరిగ్గా ఆ సందులో పడుతుంది. సందులోంచి కనిపించేది కొండ. శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడి వేసి 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం అది. కెమెరా మాత్రం మీట నొక్కిన రెప్పపాటులో ఆ కొండనే పట్టేసుకుంటుంది! నాలుగడుగుల దూరంలో ఉన్న మనుషులు మసకబారిపోతారు. నలుగురిలో దగ్గరగా నిలబడటానికి సిగ్గుపడి, మూరెడు ఎడంగా జరిగే పాతకాలం దంపతుల ఫొటోలకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

అసలు చిక్కు ఇంకోటుంది. ఈ కెమెరాల్లో చూసే కిటికీ వేరు, ఫొటో తీసే లెన్సు వేరు. కిటికీలో అన్నీ ఎప్పుడూ స్పష్టంగానే కనిపిస్తాయి. ఫోకస్ తప్పిన సంగతి అక్కడ తెలియనే తెలియదు. 36 ఫొటోలూ అయిపోయి, రీలు నెల్లూరు స్టూడియోలో కడిగించి, కవరు విప్పి చూస్తేగానీ బయటపడదు. అప్పటికి చుట్టాలు ఊళ్లకు వెళ్లిపోయి ఉంటారు. ఒక్కోసారి ఫొటోలోని మనిషే ఉండరు.

ఇంకా ఎక్కడ తడబడుతుంది?

రెండు బొమ్మలను పోల్చి చూసే రకానికి ఏదో ఒక గీతో, అంచో, మచ్చో కావాలి. కొత్తగా సున్నం కొట్టిన తెల్లగోడను చూపిస్తే దేన్ని దేనితో పోల్చాలో దానికి తోచదు. ఆత్మకూరుకు దగ్గర్లోని సోమశిల జలాశయం గట్టు మీద నిలబడి కదలిక లేని నీటిని తీయబోయినా అంతే. మునిమాపు వేళ వెలుతురు తగ్గితే తడబాటు ఇంకా పెరుగుతుంది.

ఒకేలాంటి గీతలు వరసగా ఉన్నా కష్టమే. ఉదయగిరి అనగానే చెక్క గరిటెలు, చెంచాలు గుర్తొస్తాయి. అలాంటి చెంచాలు పదీ ఇరవై వరసగా నిలబెట్టి తీస్తే, ఒక కిటికీలోంచి కనిపించే మూడో చెంచాను రెండో కిటికీలోంచి కనిపించే నాలుగో చెంచాతో జతకట్టేసే ప్రమాదం ఉంది. కిటికీ ఊచలతోనూ ఇదే పేచీ.

పరారుణ కిరణాన్ని పంపే రకానికి వీటితో బాధలేదు. దాని బాధలు దానికున్నాయి. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వెళ్లే బస్సులో కూర్చుని, మూసిన అద్దంలోంచి కొండను తీయబోతే కిరణం అద్దానికే తగిలి వెనక్కి వచ్చేయవచ్చు. 'వస్తువు పక్కనే ఉంది' అనుకుంటుంది కెమెరా. అద్దం పైకెత్తి తీయడమే మేలు. నల్లకోటు, నల్లటి జుట్టు లాంటివైతే కిరణాన్ని మింగేస్తాయి. ఏమీ తిరిగిరాకపోతే ఎదురుగా ఎవరూ లేరనుకుని దూరానికి ఫోకస్ పెట్టేస్తుంది.

చవక కెమెరాదే పైచేయి

ఇక్కడో తమాషా ఉంది. అదే రోజుల్లో మన ఇళ్లలో ఫోకస్ సంగతే ఎరగని కెమెరాలుండేవి. డబ్బాలాంటి ఆగ్ఫా క్లిక్-3, ఆ తర్వాత వచ్చిన హాట్‌షాట్ లాంటివి. వీటిలో లెన్సు ఒకే దూరానికి బిగించి ఉంటుంది. వెలుతురు వచ్చే రంధ్రం చిన్నది. రంధ్రం ఎంత చిన్నదైతే అంత ముందు నుంచి అంత వెనక వరకూ ఫొటో ఫర్వాలేదనిపించేలా వస్తుంది. అందుకే కొండ కాస్త మెత్తబడ్డా అవ్వ ముఖం మాత్రం పోదు. ఖరీదైన ఆటోఫోకస్ కెమెరా సరిగ్గా కొలిస్తే అద్భుతంగా తీస్తుంది. తప్పు కొలిస్తే మాత్రం ఆ డబ్బా కెమెరా ముందు కూడా తేలిపోతుంది.

ఒకే కెమెరా మధ్యాహ్నం బాగా తీసి, సాయంత్రం మొండికేయడానికి కారణమూ ఇదే. మండుటెండలో రంధ్రం దానంతటదే చిన్నదవుతుంది. దూరం కాస్త తప్పినా కప్పిపుచ్చుకుంటుంది. పొద్దువాలితే రంధ్రం పెద్దదవుతుంది, తప్పు బయటపడుతుంది. 100 స్పీడు రీలు బదులు 400 స్పీడు రీలు వేస్తే రంధ్రాన్ని కాస్త చిన్నగా ఉంచే వీలుంటుంది. పాత ఆటోఫోకస్‌కు అదో ఊతకర్ర.

పోనీ, ఎక్కువ డబ్బు పెడితే ఈ బెడద పోతుందా అంటే పూర్తిగా పోదు. 1994లో వచ్చిన కాంటాక్స్ జీ1 లెన్సులు మార్చుకోగల ఖరీదైన ఆటోఫోకస్ రేంజ్‌ఫైండర్. అదీ రెండు బొమ్మల పోలిక మీదే ఆధారపడింది. 1996లో వచ్చిన జీ2లో పరారుణ కిరణాన్ని కూడా జోడించారు. అంటే మొదటి పద్ధతి ఒక్కటీ చాలదని తయారుచేసినవారే గ్రహించారన్నమాట.

బీరువాలోంచి తీశారా?

ఇప్పుడు కుర్రకారుకు రీలు కెమెరాల మీద మళ్లీ మోజు పుట్టింది. తాతగారి కెమెరాను అటక మీద నుంచి దించేవాళ్లు కొందరు, ఆన్‌లైన్‌లో పాతది కొనేవాళ్లు కొందరు. కాంటాక్స్ తయారీని క్యోసెరా 2005లో ఆపేసింది. కొనికా మినోల్టా 2006లో కెమెరాల వ్యాపారం నుంచే తప్పుకుంది. కొత్త విడిభాగాలు దొరకవు. రీలు ధర కూడా చిన్నదేం కాదు. కాబట్టి రీలు వేయకముందే కొన్ని పరీక్షలు చేసుకోవడం మంచిది.

• బ్యాటరీ అర తెరిచి చూడాలి. తెల్లగానో పచ్చగానో చిలుము పట్టి ఉంటే సగం రోగం అక్కడే. కెమెరా వాడనప్పుడు బ్యాటరీలు తీసేయాలి.

• నుదుటి మీది చిన్న కిటికీలను మెత్తటి పొడిబట్టతో తుడవాలి. అక్కడ వేలిముద్ర పడ్డా కొలత తప్పవచ్చు. ఫొటో తీసేటప్పుడు వేలు అడ్డుపడకుండా చూసుకోవాలి.

• పరారుణ రకమైతే ఫోన్ కెమెరాతో దాని కిటికీని చూస్తూ మీట నొక్కాలి. టీవీ రిమోట్‌ను పరీక్షించినట్టే. చాలా ఫోన్లలో ఊదారంగు మెరుపు కనిపిస్తుంది.

• ఒకసారి దగ్గరి కుర్చీకి, ఒకసారి దూరపు చెట్టుకు గురిపెట్టి మీట నొక్కుతూ లెన్సును గమనించాలి. రెండుసార్లూ ఒకేచోట ఆగుతుంటే అనుమానించాల్సిందే.

• లెన్సులో సాలెగూడు లాంటి బూజు ఉందేమో వెలుతురుకు పట్టి చూడాలి. తోలు సంచిలో ఏళ్ల తరబడి ఉన్నవాటికి ఇది మామూలే.

• ఫ్లాష్ ఉన్న కెమెరాను ఇంట్లో స్క్రూలు విప్పకూడదు. బ్యాటరీలు తీశాక కూడా లోపలి కెపాసిటర్‌లో వందల వోల్టుల కరెంటు నిలవుండి గట్టిగా కొడుతుంది.

అన్నీ బాగుంటే ఇక మిగిలింది చిన్న కిటుకు. నడుమ గుర్తును ముందు ఒకరి ముఖం మీద పెట్టాలి. మీట సగం నొక్కి అలాగే ఉంచాలి. ఇప్పుడు కెమెరాను పక్కకు జరిపి, ఇద్దరూ సరిగ్గా వచ్చేలా చూసుకుని పూర్తిగా నొక్కాలి. అంతే! మొదటితరం కెమెరాలన్నింటిలో ఈ సౌకర్యం ఉండదు. అప్పుడు ఆ దంపతులను సందు లేకుండా దగ్గరగా జరగమనడమే ఉపాయం.

పాత ఫొటో మాటేమిటి?

ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫొటో మసగ్గా ఉంటే? దాన్ని పారేసే ముందు ఓసారి భూతద్దంతో పరిశీలించాలి. కొండ స్పష్టంగా ఉండి మనుషులు మసకైతే ఫోకస్ తప్పినట్టు. అన్నీ ఒకేవైపు సాగినట్టుంటే చెయ్యి కదిలినట్టు. మొత్తం పాలు కలిపినట్టుంటే లెన్సు మీద దుమ్మో బూజో ఉన్నట్టు. ఏ మూలా ఏదీ స్పష్టంగా లేకపోతే మాత్రం నెగెటివ్ వెతకాలి. తప్పు ఫొటో తీసిన కెమెరాది కాకుండా, దాన్ని అచ్చువేసిన యంత్రానిదీ కావచ్చు. నెగెటివ్‌ను వెలుతురుకు పట్టుకుని భూతద్దంలో చూస్తే ముఖం గీతలు తేటగా ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. ఉంటే ఇంకేం కావాలి? మళ్లీ స్కాన్ చేయిస్తే ఆ మనిషి తిరిగొచ్చినట్టే.

నెగెటివ్‌లోనూ మసకగానే ఉంటే కంప్యూటర్ కొంత పదును పెట్టగలదు, అంతకుమించి కాదు. ఇప్పుడు కృత్రిమ మేధ ఎలాంటి మసక ముఖాన్నయినా నిమిషంలో నిగనిగలాడేలా చేస్తోంది. కానీ ఆ కళ్లూ, ఆ ముక్కూ అది ఊహించి గీసినవి. చూడ్డానికి బాగానే ఉంటుంది, అవ్వ మాత్రం కాదు. అలాంటిది చేయించుకున్నా అసలు ఫొటోను దాని పక్కనే ఉంచాలి. రేపు పిల్లలు ఆ గీసిన ముఖమే నిజమనుకోకుండా ఉంటారు.

స్టూడియో కవర్లలో ఫొటోల వెనక ఉండిపోయిన ఆ గోధుమరంగు ముక్కలను చెత్తనుకుని పారేసిన ఇళ్లు ఎన్నో. ఈ ఆదివారం ఆ కవర్లు ఓసారి విప్పి చూడండి. ముక్కల అంచులు మాత్రమే పట్టుకుని, పొడి కాగితంలో చుట్టి, ఎవరి ఫొటోనో, ఏ ఊళ్లో తీసిందో పైన రాసిపెట్టండి. ఆ వివరాలు చెప్పగలిగే పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఆ పని అయిపోవాలి.