ఊ కొట్టడం వేరు, ఒప్పుకోవడం వేరు

సావనీరుకు ఏదైనా రాసివ్వమని సంపాదక వర్గం వారు అడిగినప్పుడు, మేమూ అందరిలాగే తెలుగు భాష తియ్యదనం గురించో, చిన్ననాటి సంక్రాంతి గురించో రాద్దామనుకున్నాం. కానీ పోయిన ఏడాది మా ఇంట్లో జరిగిన ఒక సంగతి పదే పదే గుర్తుకొచ్చింది. శనివారం పిల్లల్ని తరగతుల్లో వదిలి, హాల్లో టీ తాగుతూ ఆ మాట చెబితే, చుట్టూ ఉన్న నలుగురిలో ముగ్గురు "మాకూ ఇలాగే అయిందండీ" అన్నారు. ముగ్గురూ అంతకు ముందు ఆ విషయం ఎవరికీ చెప్పలేదట. అందుకని ఈ ఏడు దాని గురించే రాస్తున్నాం.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒక ప్రోగ్రాము లైవ్‌లోకి వెళ్ళాలంటే ఇద్దరితో చదివించి, నాలుగు సార్లు టెస్టు చేయించి గానీ "ఓకే" అనం. అలాంటి మేము, ఆఫీసులో రిలీజు హడావుడిలో ఉన్న ఒక గురువారం సాయంత్రం, మా మొబైల్ కంపెనీ తరఫున ఫోన్ చేసిన అబ్బాయితో మూడు నిమిషాల్లో పది సార్లు "ఓకే" అన్నాం. చాలా మర్యాదగా మాట్లాడాడు. మీరు పాత కస్టమర్లు, మీకు కొత్త ఫోను ఉచితం అన్నాడు. మధ్యలో ఒక మెసేజ్ పంపి, అది చదివారా అని అడిగాడు. తెరవకుండానే "ఆఁ, వచ్చింది, వచ్చింది" అన్నాం.

శనివారం ఫోను వచ్చింది. దాంతోపాటు వచ్చిన ఈమెయిల్ చూసింది మా అమ్మాయి. దానికి పదమూడేళ్ళు. "నాన్నా, నెలకి 27 పౌండ్లు ఉండేది 38 అయింది, పైగా ఇరవై నాలుగు నెలలు అని ఉంది. ఇది ఫ్రీ ఎలా అవుతుంది? నువ్వెందుకు ఓకే అన్నావు?" అంది. మా దగ్గర జవాబు లేదు. నెలకు 11 పౌండ్ల తేడా, ఇరవై నాలుగు నెలలకు 264 పౌండ్లు. మన బడిలో ఏడాది ఫీజు కన్నా అది చాలా ఎక్కువ.

నిజం చెప్పాలంటే మేము అన్నది "ఓకే" కాదు, "ఊ". చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెబుతుంటే ఊ కొట్టేవాళ్ళం. ఊ అంటే "వింటున్నాను, చెప్పు" అని. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో "ఆఁ... ఆఁ... అలాగే" అనడం మన మర్యాద. అదే అలవాటు ఇంగ్లీషులోకి వచ్చేసరికి "యెస్, ఓకే, ఫైన్" అవుతుంది. అవతలివాడు దాన్ని రికార్డు చేసి ఒప్పందం అంటాడు. అతని ఉద్యోగం అది. మన మర్యాద ఏమిటో అతనికి తెలియాలని లేదు, కానీ అతని పద్ధతి మనకు తెలియాలి.

ఇంకో కారణం కూడా ఉంది. మన ఊళ్ళలో చాలామందికి మొబైల్ అంటే ప్రీపెయిడే. రీఛార్జ్ చేస్తే మాట్లాడతాం, లేకపోతే లేదు. రెండేళ్ళపాటు నెలనెలా కడతానని మాటివ్వడం ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఆ మాటకు ఎంత బరువుందో ఎవరూ చెప్పలేదు.

తరువాత జరిగినది ఇంకా సిగ్గుపడాల్సిన విషయం. తప్పు తెలిశాక కూడా ఆ పెట్టె తొమ్మిది రోజులు అలమారలోనే ఉంది. "పోనీలే, నెలకు పదకొండు పౌండ్లే కదా", "ఆ అబ్బాయి పాపం మంచిగా మాట్లాడాడు", "ఇప్పుడు ఫోన్ చేస్తే గంట సేపు పాట వినిపిస్తారు". ఇవీ మేము చెప్పుకున్న కారణాలు. రోజూ సాయంత్రం అమ్మాయి "చేశావా నాన్నా?" అని అడిగేది. చివరికి దాని పోరు పడలేక చేశాం. అవతల వాళ్ళు "ఇది కొత్త కాంట్రాక్ట్ కాదు, అప్‌గ్రేడ్ మాత్రమే, పైగా మీరు పెట్టె తెరిచారు, రద్దు కుదరదు" అన్నారు.

ఆ రాత్రే కూర్చుని నియమాలు చదివాం. అప్పుడు తెలిసిందేమిటంటే, బ్రిటన్‌లో 2014 జూన్ నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల కాంట్రాక్టుల నిబంధనల ప్రకారం, ఫోన్లో గానీ ఇంటర్నెట్‌లో గానీ చేసుకున్న ఒప్పందాన్ని 14 రోజుల్లోపు ఏ కారణమూ చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. అప్‌గ్రేడ్ అని పేరు పెట్టినంత మాత్రాన ఈ హక్కు పోదు. కొత్తగా ఇరవై నాలుగు నెలలకు కట్టుబడుతున్నామంటే అది కొత్త ఒప్పందమే. వస్తువుకైతే అది చేతికందిన మర్నాటి నుంచి, ఉత్త సిమ్ సేవకైతే ఒప్పుకున్న మర్నాటి నుంచి 14 రోజులు లెక్క. ఏది ఎలా లెక్కపెట్టాలన్న తగాదా లేకుండా, ఒప్పుకున్న రోజు నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. ఈ హక్కు ఉందన్న సంగతి కంపెనీ మనకు చెప్పి తీరాలి. చెప్పకపోతే గడువు మరో పన్నెండు నెలల దాకా పెరుగుతుంది.

పెట్టె తెరవడం కూడా నేరం కాదు. దుకాణంలో ఒక ఫోనును ఎంతవరకు చేతిలోకి తీసుకుని చూస్తామో, ఇంట్లోనూ అంతవరకు చూడవచ్చు. అంతకు మించి వాడి విలువ తగ్గిస్తే మాత్రం ఆ మేరకు డబ్బు తగ్గించి ఇవ్వవచ్చు. మనం కోరి గడువులోపే సేవ మొదలుపెట్టించుకుంటే, వాడుకున్న రోజులకు తగినంత కట్టాలి. అది న్యాయమే.

మర్నాడు పొద్దున్నే నాలుగు వాక్యాల ఈమెయిల్ రాశాం. ఫలానా తేదీన ఫోన్లో చేసుకున్న ఒప్పందాన్ని చట్టం ఇచ్చిన 14 రోజుల గడువులో రద్దు చేస్తున్నాం, పరికరం వెనక్కి పంపే పద్ధతి చెప్పండి, మా పాత ప్లాను గురించి రాతపూర్వకంగా తెలపండి అని. ఫోన్లో చెప్పినా చెల్లుతుంది గానీ, చెప్పామని రుజువు చేసుకోవలసిన బాధ్యత మనదే. అందుకే రాత మంచిది. గడువు లోపల మనం పంపితే చాలు, వాళ్ళు తరువాత చదివినా పరవాలేదు. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. అందులో అప్‌గ్రేడ్ అన్న వాదన లేదు, పెట్టె అన్న వాదనా లేదు. పోస్టాఫీసు రసీదు దాచుకుని ఫోను పంపేశాం. వాడిన రోజులకు కొద్దిగా కట్టాం. పాత ప్లాను ఇప్పుడు అమ్మడం లేదన్నారు గనుక, నెలనెలా మానుకోగలిగే సిమ్ తీసుకున్నాం.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. మన బడిలోనే ఒక కుటుంబం వారు దుకాణానికి వెళ్ళి, చూసి, మాట్లాడి కాంట్రాక్ట్ తీసుకుని, మర్నాడు మనసు మార్చుకున్నారు. వారికి ఈ 14 రోజుల హక్కు లేదు. దుకాణం వారు దయతలచి ఇచ్చే గడువు ఏదైనా ఉంటే అదే. ఫోను పాడైనదైతే మాత్రం సంగతి వేరు. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును 30 రోజుల్లోపు తిప్పి ఇచ్చి డబ్బు అడగవచ్చు, ఎక్కడ కొన్నా సరే.

రెండోది మనవాళ్ళు తరచుగా చేసే పొరపాటు. కోపం వచ్చి బ్యాంకులో డైరెక్ట్ డెబిట్ ఆపేసి, రద్దయిపోయింది అనుకుంటారు. డబ్బు ఆపితే కాంట్రాక్ట్ ఆగదు, బాకీ పెరుగుతుంది. అది డిఫాల్ట్‌గా మారితే క్రెడిట్ రికార్డులో ఆరేళ్ళు ఉంటుంది. రేపు ఇంటి లోనుకు వెళ్ళినప్పుడు, ఎప్పటి ఫోను బిల్లో ఎదురొస్తుంది. ముందు రాసి రద్దు చేయాలి, రద్దయినట్టు జవాబు తీసుకోవాలి, ఆ తరువాతే బ్యాంకు పని. కంపెనీ వినకపోతే వాళ్ళకే ఫిర్యాదు పెట్టాలి. అక్కడా తేలకపోతే ఆంబుడ్స్‌మన్ వంటి స్వతంత్ర సంస్థకు వెళ్ళవచ్చు, మనకు పైసా ఖర్చు లేదు. ఆఫ్‌కామ్ నియమాలు చేస్తుంది గానీ ఒక్కొక్కరి తగాదా తీర్చదు.

అసలు అంతదాకా రాకుండా చూసుకోవడమే తెలివి. 2022 జూన్ నుంచి కంపెనీలు మనం ఒప్పుకోకముందే కాంట్రాక్ట్ సారాంశాన్ని రాతలో ఇవ్వాలి. మేము తెరవకుండా "వచ్చింది" అన్న మెసేజ్ అదే! 2025 జనవరి 17 నుంచి చేసుకున్న కాంట్రాక్టుల్లో, మధ్యలో ధర పెంచేటట్లయితే ఎప్పుడు, ఎన్ని పౌండ్లు, ఎన్ని పెన్సులో ముందే చెప్పాలి. కాబట్టి ఎవరు ఫోన్ చేసినా "రాతలో పంపండి, ఇంట్లో చదువుకుని మేమే చేస్తాం" అనండి. మంచి బేరమైతే రేపటికీ మంచిదే.

"ఇదంతా తెలుగు బడి పుస్తకంలో ఎందుకండీ?" అని మీరు అడగవచ్చు. మా అభిప్రాయం ఇదీ. ఇళ్ళలో కంపెనీలతో మాట్లాడే పని మనం నెమ్మదిగా పిల్లల మీదికి తోస్తున్నాం. వాళ్ళ ఇంగ్లీషు యాస బాగుంటుందని ఫోను వాళ్ళ చేతికిస్తాం. వాళ్ళు అడిగే ప్రశ్నకు మాత్రం "నీకెందుకు, నోరు మూసుకో" అంటాం. ఆ రోజు మా అమ్మాయి తొమ్మిది రోజులు అడగకపోతే ఆ 264 పౌండ్లు పోయేవి. డబ్బు పోతే పోయింది, తప్పు తెలిసినా ఊరుకోవడమే పెద్దమనిషి తనం అని అది మమ్మల్ని చూసి నేర్చుకునేది. మాకు ఎక్కువ భయం వేసింది దానికే. మొహమాటం మంచి గుణమే, కానీ అది మన మనుషుల మధ్య ఉండాల్సింది.

అలాగే హక్కు ఉంది కదా అని పెళ్ళికి కొత్త ఫోను తెప్పించి, పదమూడు రోజులు ఫోటోలు తీసి తిప్పి పంపేవాళ్ళూ మనలో ఉన్నారు. అది తెలివి అనిపించుకోదు. పిల్లలు దాన్నీ చూస్తారు.

మా సూచన చిన్నది. పెద్ద పిల్లల తరగతిలో ఏడాదికి ఒక్క శనివారం, ఇంట్లో ఉన్న ఒక ఫోను కాంట్రాక్ట్ సారాంశం తెచ్చి, తల్లిదండ్రులు పక్కన కూర్చోగా, దాన్ని తెలుగులో చెప్పించండి. గడువు, షరతు, బాకీ, రద్దు అన్న మాటలు పాఠంగా చెబితే రావు, పని పడితే వస్తాయి. తల్లిదండ్రులకు ఇంగ్లీషు షరతులు అర్థమవుతాయి, పిల్లలకు తెలుగు మాటలు వస్తాయి.

పిల్లలూ, చివరిగా మీకొక మాట. మొదటి తరగతిలోనే మీరు "కాదు", "లేదు", "వద్దు" అని మూడు మాటలు నేర్చుకున్నారు. ఇంగ్లీషులో చాలాసార్లు మూడింటికీ "నో" ఒక్కటే సరిపోతుంది. మనకు మూడున్నాయి గానీ, ఫోన్లో అమ్మకానికి వచ్చినవాడి ముందు మీ అమ్మానాన్నలకు ఒక్కటీ నోటికి రాదు. ఈసారి వాళ్ళు ఫోన్లో వరసగా "ఓకే, ఓకే" అంటుంటే, పక్కకు వెళ్ళి చెయ్యి పట్టుకుని, "నాన్నా, చదివావా?" అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మేమూ విసుక్కున్నాం. ఇప్పుడు మా ఇంట్లో కొత్త కాంట్రాక్ట్ ఏదైనా ముందు అమ్మాయి చదివితే గానీ కదలదు.