రంది లెక్క ఎవరు రాయాలె?

2009 చలికాలంలో ఉస్మానియా క్యాంపస్‌ల బాష్పవాయువు పీల్చినోళ్లం మేము. తోటి విద్యార్థుల పాడెలు మోసినం. అమరుల ఆశయాలు సాధిస్తమని పిడికిలెత్తినం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కానీ ఒక్క ప్రశ్న మేమూ అడగలేదు, మా నాయకులూ అడగలేదు. చావు అంచుదాకా పోయిన పిల్లగాన్ని వెనక్కి తెచ్చే సేవలు ఏ ఊరికి అందుతున్నయో, ఏ ఊరికి అందుతలేవో లెక్క తీసేటోళ్లను మన యూనివర్సిటీలు ఎంతమందిని తయారు చేసినయి?

2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంల జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా మానసిక రుగ్మతలు ఉన్నయని, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందుతలేదని తేల్చింది. సర్వే చేసింది 12 రాష్ట్రాల్లో. కేరళ ఉన్నది, తమిళనాడు ఉన్నది, మణిపూర్ ఉన్నది. తెలంగాణ లేదు! ఆంధ్రప్రదేశ్ కూడా లేదు, అది మనకు ఓదార్పు కాదు. పోయింది లెక్క ఒక్కటే కాదు. ఆ రాష్ట్రాల్లో స్థానిక సంస్థలు పాలుపంచుకున్నయి, అక్కడి సిబ్బంది ఇంటింటి సర్వేలో శిక్షణ పొందిన్రు. ఆ విద్య మన పిల్లలకు దక్కలేదు.

అదే 2015లో కల్తీ కల్లు మీద దాడులు మొదలుకాంగనే ఏమైంది? అల్ప్రాజోలం కలిపిన కల్లుకు అలవాటైనోళ్లు మూర్ఛలతో నిజామాబాద్, మహబూబ్‌నగర్ దవాఖానలకు, ఎర్రగడ్డకు పోటెత్తిన్రు. ఏ ఊర్లె ఎందరు పడిపోయిన్రు? దగ్గర దవాఖానల మందు దొరికిందా? ఎందరు మళ్లీ కల్లు దుకాణానికే మళ్లిన్రు? మానసిక ఆరోగ్య సేవల పరిశోధనంటే ఇదే. ఇది రాయాల్సింది మన పీజీ విద్యార్థే.

బయటోళ్లు తెచ్చిన ప్రశ్నపత్రంల 'మీరు నిరాశగా ఉన్నారా?' అని ఉంటది. మా అవ్వ 'రంది పట్టుకున్నది బిడ్డా' అంటది, 'బుగులైతుంది' అంటది. ఆ మాట ఎరిగినోళ్లే ఆ బాధను రాయగలరు.

'డాక్టర్లే చాలక చస్తుంటే పరిశోధన ఎందుకు?' అంటరు పెద్దలు. లెక్క లేని బాధకు నిధులు రావు సారూ! నీళ్ల దోపిడీని ఆర్.విద్యాసాగర్‌రావు లెక్కలతో చూపెట్టబట్టే నాడు ఎదుటోళ్ల నోళ్లు మూతపడ్డయి. మనసు బాధకూ అసొంటి లెక్క కావాలె.

ఉన్న దారి కూడా ఇరుకైతున్నది. 2022 నిబంధనలతో యూజీసీ ఎంఫిల్‌ను ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ కోర్సులకు మాత్రం 2025-26 దాకా గడువిచ్చింది. ఆ తర్వాత పేదింటి పిల్లలు ఏ మెట్టు ఎక్కి పరిశోధనకు రావాలె?

మా డిమాండ్ సూటిగా ఉన్నది. ఉస్మానియా, కాకతీయ విద్యార్థులకు ఎర్రగడ్డ సంస్థల పరిశోధన శిక్షణ సీట్లు పెట్టాలె. బతకడానికి సరిపోయే స్టైపెండ్ నెలనెలా ఇవ్వాలె. జిల్లా దవాఖానల్లో, ఊర్లల్లో క్షేత్ర పరిశోధన తప్పనిసరి చేయాలె. అడిగే ప్రశ్నలు మన యాసలో రాయాలె.

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. నాలుగో మాట ఒకటి మిగిలింది: నిమ్మలం. విద్యార్థులారా, ఉద్యోగులారా, దానికోసం కూడా కొట్లాడుదాం!